వరద సాయం లెక్క చెడకుండా చూసుకోవడం ఎలా: చిన్న స్వచ్ఛంద సంస్థలకు

మార్చి నెలాఖరున అట్టపెట్టె నిండా బిల్లులు తెచ్చి నా బల్ల మీద పెట్టి, "అన్నీ ఉన్నాయండీ, ఒక్కటీ పోలేదు" అనే కోశాధికారులను చాలామందిని చూశాను. నిజమే, కాగితాలు పోవు. వాటి మధ్య ఉండాల్సిన సంబంధం పోతుంది. బియ్యం బిల్లు ఉంటుంది, ఆ బియ్యం ఏ రోజు ఏ వీధికి వెళ్లిందో ఉండదు. రెండు వందల సంతకాలు ఉంటాయి, ఏ వస్తువు తీసుకుని ఆ సంతకం పెట్టారో పైన రాసి ఉండదు. డబ్బు తిన్నారని ఎవరూ అనరు గానీ, తినలేదని చూపించే దారి కూడా మిగలదు.

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ ప్రాంతం మునిగింది. అవే రోజుల్లో ఖమ్మంలో మున్నేరు ఒడ్డు కాలనీల్లోకి నీళ్లు వచ్చాయి. అలాంటి సమయంలో ట్రాక్టర్ల మీద, పడవల మీద ముందుగా కనిపించేవి తరచూ చిన్న సంస్థలే. అద్దె గది ఆఫీసు, ఇరవై మంది కార్యకర్తలు, ఏడాదికోసారి కనిపించే సీఏ, ఇంతే వాటి బలగం. అలాంటి సంస్థ నడిపే మీ కోసమే ఇది రాస్తున్నాను. ఆడిట్ పరీక్ష మీరు రాసేది పంపిణీ వరుసలో, టోకెన్ చింపే చోట. ఏడాది చివర జరిగేది దిద్దడం మాత్రమే.

ముందుగా, వాన పడకముందే

మీ ట్రస్టు డీడ్ లేదా సొసైటీ నియమావళి తీసి ఆశయాల పేరా చదవండి. విపత్తు సాయం అన్న మాట అందులో ఉందా? విద్య కోసం పెట్టిన సంస్థ వరదలో బియ్యం పంచడం మంచి పనే, కానీ ఆశయాల్లో లేని పనికి ఖర్చు పెడితే పన్ను మినహాయింపు దగ్గర ప్రశ్న వస్తుంది. సవరణ అవసరమైతే మేలోనే చేయించండి. ఇల్లు కాలుతుంటే బావి తవ్వినట్టు సెప్టెంబరులో రిజిస్ట్రార్ ఆఫీసు చుట్టూ తిరగలేరు.

తర్వాత కార్యవర్గ సమావేశంలో ఒక తీర్మానం రాయించండి. విపత్తు వచ్చినప్పుడు కార్యదర్శి ఒక్కరే ఎంతవరకు ఖర్చు పెట్టవచ్చు, అంతకు మించితే ఎవరి ఒప్పుదల కావాలి, ఫోనులో ఇచ్చిన ఒప్పుదలను ఎన్ని రోజుల్లో కాగితం మీదికి తేవాలి అన్నవి అందులో ఉండాలి. ఈ అరపేజీ లేనందువల్లే నిజాయితీపరులు కూడా తర్వాత దోషుల్లా నిలబడాల్సి వస్తుంది.

కొనేవారు, సరుకు దించుకునేవారు, డబ్బు చెల్లించేవారు ముగ్గురూ వేరువేరు మనుషులై ఉండాలి. మన చిన్న సంస్థల్లో అధ్యక్షుడు, ఆయన భార్య, బావమరిది కలిసి కార్యవర్గం కావడం కొత్త కాదు. మీదీ అలాంటిదే అయితే దాచుకోనక్కరలేదు. వీధిలో ఉన్న ఒక విశ్రాంత ఉపాధ్యాయుడినో బ్యాంకు ఉద్యోగినో పిలిచి, సరుకు దించుకుని సంతకం చేసే పని ఆయనకు అప్పగించండి. ఆయన చాదస్తం మీకు చికాకు తెప్పిస్తే సరైన మనిషినే ఎంచుకున్నట్టు.

ముప్పుల పట్టిక ఒక్క పేజీ దాటకూడదు. ఏమి చెడవచ్చు, చెడితే ఎవరికి దెబ్బ, చెడిందని మనకెలా తెలుస్తుంది, ఆపాల్సింది ఎవరు, ఈ నాలుగు గడులు చాలు. మొదటి వరుసలో డబ్బు గురించి రాయకండి. మోకాలి లోతు నీళ్లలో తెగిపడిన కరెంటు తీగ గురించి, లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కే కుర్రాడి గురించి రాయండి. రెండో వరుసలో, సాయం అందాల్సిన మనిషికి అందకపోవడం. దొంగతనం మూడోది.

డబ్బు వచ్చినప్పుడు

వచ్చిన ప్రతి రూపాయినీ మూడు ప్రశ్నలు అడగండి: ఎవరిది, ఎక్కడి నుంచి, దేని కోసం? కార్యదర్శి సొంత ఫోనులోని క్యూఆర్ కోడ్‌ను వాట్సాప్ గ్రూపుల్లో తిప్పితే మూడింటికీ జవాబు పోతుంది. ఆయన ఇంటి పాల బిల్లు, మీ వరద విరాళం ఒకే ఖాతాలో కలిసిపోతాయి. తొందర ఎంత ఉన్నా సంస్థ ఖాతా తప్ప మరొకటి ఎవరికీ ఇవ్వకండి.

మన తెలుగు వాళ్లకు ప్రత్యేకంగా చెప్పాల్సింది విదేశాల్లో ఉన్న బంధువుల డబ్బు గురించి. వరద వార్త టీవీలో రాగానే డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో ఫోను వస్తుంది. ఆ మనిషి చేతిలో ఇంకా భారత పాస్‌పోర్టే ఉండి, తన సొంత సంపాదనను మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కిందికి రాదు. అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డుతో వచ్చిపోయేవారు పంపితే అది విదేశీ విరాళమే. ఆయన విజయవాడ వచ్చి ఇక్కడి బ్యాంకు నుంచి రూపాయల్లో ఇచ్చినా అంతే. అక్కడి తెలుగు సంఘం పంపినా అంతే. మామయ్యే కదా అంటే చట్టం వినదు. కాబట్టి విరాళం తీసుకునే ముందు పౌరసత్వం అడగండి, పాస్‌పోర్టు మొదటి పేజీ నకలు రసీదు పుస్తకంతో కలిపి ఉంచండి. అడగడానికి మొహమాటంగా ఉంటుందని నాకు తెలుసు. అందుకే ఆ ప్రశ్నను విరాళం ఫారంలోనే అచ్చు వేయించండి, అప్పుడు అడిగేది మీరు కాదు, కాగితం.

విదేశీ విరాళాల నియంత్రణ చట్టం 2010 కింద నమోదు గానీ ముందస్తు అనుమతి గానీ లేని సంస్థ ఆ డబ్బు ముట్టుకోకూడదు. ఆ నమోదుకు సాధారణంగా సంస్థకు మూడేళ్ల వయసు, గత మూడు ఆర్థిక సంవత్సరాల్లో అసలు కార్యక్రమాలపై కనీసం 15 లక్షల రూపాయల ఖర్చు ఉండాలి. అంటే వరద వచ్చాక దరఖాస్తు చేసి లాభం లేదు. నమోదు ఉన్నవారు కూడా ఆ డబ్బును ముందుగా న్యూఢిల్లీలో సంసద్ మార్గ్‌లోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే తీసుకోవాలి. 2020 సవరణ తర్వాత మరో రెండు కట్టుబాట్లు వచ్చాయి. పాలనా ఖర్చు 20 శాతం దాటకూడదు. ఆ డబ్బును మరో సంస్థకు బదిలీ చేయకూడదు, ఆ సంస్థకు నమోదు ఉన్నా సరే. "మీ ఖాతాలోకి తీసుకుని మాకు ఇవ్వండి" అని పక్క జిల్లా మిత్రుడు అడిగితే కాదనండి. కావాలంటే మీ మనుషులే వెళ్లి అక్కడ పంచి రావచ్చు. విదేశీ విరాళం మీద వచ్చిన బ్యాంకు వడ్డీ కూడా విదేశీ విరాళమే, దాన్ని స్థానిక ఖాతాకు మళ్లించకండి.

కూడలిలో డబ్బా పట్టుకుని వసూలు చేసేవారికి ఒక మాట. ఇచ్చినవారి పేరు, చిరునామా లేని విరాళాలు ఒక పరిమితి దాటితే, దాటిన భాగంపై 30 శాతం పన్ను పడుతుంది. లక్ష రూపాయలు, మొత్తం విరాళాల్లో 5 శాతం, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అదే ఆ పరిమితి. డబ్బా తెరిచేటప్పుడు ఇద్దరు ఉండి, లెక్కించి, చీటీ మీద సంతకాలు చేసి, మర్నాడే బ్యాంకులో వేయండి. అలాగే తమకు పన్ను మినహాయింపు కోసం రసీదు (80జీ రసీదు అని పిలిచేది) కోరేవారికి ముందే చెప్పండి: నగదు రూపంలో 2,000 దాటితే మినహాయింపు రాదు, బియ్యం బస్తాలూ దుప్పట్లూ ఇస్తే అసలే రాదు. తర్వాత గొడవ పడటం కన్నా ఇది మేలు.

కొనేటప్పుడు

అత్యవసరం అన్న మాట చాలా తప్పులను కప్పుతుంది. దాన్ని ముందే నియమంగా మార్చుకోండి. జూన్‌లో నాలుగైదు టోకు దుకాణాలకు వెళ్లి బియ్యం, కందిపప్పు, నూనె, దుప్పట్లు, టార్పాలిన్ల ధరలు రాయించుకుని, వరద వస్తే ఎన్ని గంటల్లో ఎంత సరుకు ఇవ్వగలరో అడగండి. ఆ రోజు వచ్చినప్పుడు మూడు ఫోన్లు చేసి, చెప్పిన ధర, చెప్పిన మనిషి పేరు, సమయం ఒక పుస్తకంలో రాస్తే చాలు. అత్యవసర కొనుగోలుకు అదే మీ కొటేషన్. తక్కువ ధర చెప్పిన చోట కొనకపోతే ఎందుకో ఒక వాక్యం రాయండి: "ఆ దుకాణానికి దారి మునిగింది." నా అనుభవంలో ఏ ఆడిటరూ ఇలాంటి వాక్యాన్ని కాదనలేదు.

ఒకే మనిషికి ఒకే రోజు నగదుగా 10,000 దాటి ఇచ్చిన ఖర్చు పన్ను లెక్కలో సేవాకార్యాల ఖర్చుగా నిలబడదు. అందుకని 36,000 బిల్లును నాలుగు తొమ్మిది వేలుగా చీల్చకండి. ఒకే దుకాణం, ఒకే తేదీ, వరుస నంబర్ల బిల్లులు కనిపిస్తే నేనే కాదు, కొత్తగా చేరిన సహాయకుడు కూడా పట్టేస్తాడు. వంట కాంట్రాక్టరుకు ఒకేసారి 30,000 దాటినా, ఏడాదిలో లక్ష దాటినా మూలంలో పన్ను (టీడీఎస్) కోయాలి. వంటవాడు విసుక్కుంటాడు, ముందే చెప్పి పని ఒప్పుకోండి.

కార్యవర్గ సభ్యుడి దుకాణంలో కొనడం నేరమేమీ కాదు. చెప్పకుండా కొనడమే చిక్కు. ఆయన తన సంబంధం రాసిచ్చి, ఆ నిర్ణయంలో పాల్గొనకుండా పక్కకు తప్పుకుంటే చాలు.

బస్తా మీద 25 కిలోలని ఉంటే 25 కిలోలు ఉంటాయని నమ్మకండి. పదింటిలో ఒకటి కాటా వేయండి. తక్కువ తూగితే బిల్లు మీదే తేడా రాసి, డ్రైవరు చేత సంతకం చేయించండి.

గోడౌన్

ప్రతి వస్తువు గుట్టకు ఒక అట్ట కట్టండి: తేదీ, వచ్చింది, వెళ్లింది, మిగిలింది. రిజిస్టరు బల్ల మీద, అట్ట గుట్ట మీద, రెండూ రాత్రికి కలవాలి. తడిసినవి, చిరిగినవి, గడువు దాటినవి పడేసేటప్పుడు ఇద్దరి సంతకంతో ఫొటో తీసి ఉంచండి. విరాళంగా వచ్చిన పాత బట్టల గురించి నా మాట కటువుగా ఉండవచ్చు: తీసుకోకండి. వాటిని ఏరడానికి పట్టే శ్రమ ఎవరి లెక్కలోనూ ఉండదు, చివరికి రోడ్డు పక్కన మిగిలేవి అవే.

జాబితా, వరుస

అసలు పని ఇక్కడే. ఇక్కడ చెడితే మిగతావి ఎంత శుభ్రంగా ఉన్నా ప్రయోజనం లేదు.

జాబితా ఎవరో ఇచ్చింది తీసుకోకండి. రేషన్ కార్డుల జాబితా ప్రకారం పంచితే అద్దెకున్నవాళ్లు పోతారు, పని కోసం ఒడిశా నుంచో బీహార్ నుంచో వచ్చినవాళ్లు పోతారు, పెళ్లయి వేరుపడినా కార్డు మారని కొడుకు కుటుంబం పోతుంది. పైగా మునిగేది ఇంటి యజమాని ఉండే పై అంతస్తు కాదు, కింద అద్దెకున్నవారి గది. మీ కార్యకర్తలు ఇద్దరిద్దరుగా, వీలైతే ఒక మహిళతో కలిసి, ఇంటింటికీ వెళ్లి గోడ మీద నీటి గుర్తు చూసి పేరు రాసుకోవాలి. ఆ తర్వాత జాబితాను వీధిలో నిలబడి చదవండి. ఎవరి పేరు తప్పిందో, ఎవరి పేరు రెండుసార్లు వచ్చిందో, ఎవరు హైదరాబాదులో ఉంటూ ఇక్కడ పేరు రాయించారో ఆ వీధి మహిళలు మీకన్నా ముందు చెబుతారు. పది నిమిషాల ఈ చదువు ఏ సాఫ్ట్‌వేర్ కన్నా గట్టి తనిఖీ.

కిట్టు ఇంటికొకటి అని నియమం పెట్టేముందు ఇంట్లో ఎంతమందో చూడండి. మానవతా సాయానికి ప్రపంచవ్యాప్తంగా వాడే స్ఫియర్ ప్రమాణాలు ఇంటిని కాక మనిషిని లెక్కిస్తాయి: తాగడానికి, వంటకు, శుభ్రతకు కలిపి మనిషికి రోజుకు 15 లీటర్ల నీరు కనీసం. ముగ్గురున్న ఇంటికీ తొమ్మిదిమంది ఉన్న ఇంటికీ ఒకే డబ్బా ఇస్తే కాగితం మీద సమానమే, కడుపు దగ్గర కాదు.

పంపిణీ పట్టీ ఇలా ఉండాలి. ప్రతి పేజీ పైన సంస్థ పేరు, తేదీ, స్థలం, కిట్టులో ఏమేమి ఎంతెంత ఉన్నాయో. కింద వరుస సంఖ్య, పేరు, ఇంటి నంబరు లేదా గుర్తు, ఇంట్లో మనుషులు, టోకెన్ నంబరు, ఫోను ఉంటే ఫోను, సంతకం లేదా వేలిముద్ర. పేజీ చివర ఆ పేజీలో ఇచ్చినవి మొత్తం ఎన్ని, పంచినవారి సంతకం, స్థానికంగా ఒకరి సాక్షి సంతకం. జెల్ పెన్ను వద్దు, నీటికి సిరా కరుగుతుంది. బాల్‌పెన్ను, కార్బన్ కాగితం పెట్టిన పుస్తకం, పైన ప్లాస్టిక్ కవరు, ఇంతే సామగ్రి. మొదట్లో ఒకసారి నేను రాయించిన పట్టీలు ట్రాక్టరు తొట్టిలో తడిసి నీలిరంగు ముద్దయ్యాయి. నాలుగు వీధులు మళ్లీ తిరిగి సంతకాలు తీసుకున్నాం. "ఇచ్చారు కదా, మళ్లీ ఎందుకు?" అని ఒక అమ్మ అడిగితే జవాబు చెప్పలేకపోయాను.

సంతకాలు ఎలా ఉండాలో కూడా చెప్పాలి. ఒకే చేతిరాతలో యాభై సంతకాలు, ఒకే బొటనవేలి ముద్ర పేజీ అంతా, కొట్టివేత ఒక్కటీ లేని తెల్లటి పట్టీ, ఇవి చూడగానే అనుమానం పుడుతుంది. నిజమైన పట్టీ మురికిగా ఉంటుంది. ఎవరో రాలేదు, ఒకరి బదులు కూతురు వచ్చింది, ఒకచోట పేరు దిద్దారు. అవన్నీ అలాగే ఉంచండి. ఆఫీసుకొచ్చాక "నీట్‌గా" మళ్లీ రాయకండి. అందంగా తిరగరాసిన పట్టీ ఆడిటరు కంటికి దొంగ పట్టీయే.

ఆధార్ నకళ్లు పోగేసే అలవాటు మానండి. నీళ్లలో కాగితాలు పోగొట్టుకున్న మనిషిని ఆధార్ తెమ్మనడం ఒక తప్పు. వందల నకళ్లను తాళం లేని అట్టపెట్టెలో వదిలేయడం అంతకన్నా పెద్ద తప్పు. వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకు 2023లో చట్టం కూడా వచ్చింది. ఫొటోలు తీసేముందు అడగండి. కిట్టు అందుకుంటూ చేతులు చాచిన ముసలమ్మ ముఖం దాతకు అక్కరలేదు. గుట్టలు, వరుస, బ్యానరు, తేదీ కనిపిస్తే సాక్ష్యానికి సరిపోతుంది.

రాత్రికి కూడిక: ఉదయం ఎక్కించినవి, అందులో తిరిగి వచ్చినవి, దెబ్బతిన్నవి తీసేస్తే మిగిలినవి, పట్టీల్లోని పేర్ల సంఖ్యతో కలవాలి. 400 ఎక్కించి 12 తిరిగొస్తే, 388 పేర్లు ఉండాలి. 381 ఉంటే ఆ ఏడూ ఆ రాత్రే వెతకండి, మర్నాటికి ఎవరికీ గుర్తుండవు. దొరకకపోతే "ఏడు కిట్లకు పట్టీ లేదు" అని ఉన్నదున్నట్టు రాసి సంతకం చేయండి. దొంగ పేర్లతో ఏడు పూరించడం దగ్గరే మంచి సంస్థలు చెడ్డ సంస్థలవుతాయి.

వారంలోగా, పంపిణీకి వెళ్లని ఒక మనిషిని పంపి పట్టీలో నుంచి చీటీలు తీసినట్టు ఏరిన ఇరవై ఇళ్లను అడిగించండి: ఏమి అందింది, ఎంత అందింది, ఎవరైనా డబ్బు అడిగారా, జాబితాలో లేని పేదవాళ్లు ఎవరు?

తేడా వచ్చినప్పుడు

"మా వాళ్లకు ముప్పై కిట్లు పక్కన పెట్టండి" అని ఎవరో ఒకరు అడుగుతారు. మీరు వీధిలో చదివిన జాబితాయే మీకు అడ్డుగోడ. "పేర్లు చెప్పండి, ఇళ్లకు వెళ్లి చూసి ఇస్తాం" అనండి. విపత్తు నిర్వహణ చట్టం 2005లో 53వ సెక్షన్ ఒకటుంది. విపత్తులో సాయానికి ఉద్దేశించిన డబ్బును, సరుకును సొంతానికి వాడుకున్నా, అమ్ముకున్నా, అలా చేయమని మరొకరిని బలవంతపెట్టినా రెండేళ్ల వరకు జైలు, జరిమానా. ఆ సెక్షన్‌ను పెద్ద అక్షరాలతో అచ్చు వేయించి గోడౌన్ తలుపుకు అంటించండి. ఎవరినీ ఏమీ అనక్కరలేదు.

దారిమళ్లింపు బయటపడితే దాతకు మీరే ముందు చెప్పండి, ఒప్పందంలో రాసిన గడువులోపు. అది పెరిగి పెద్దదయ్యాక తేలితే ఏమవుతుందో అన్నది ఊహ కాదు. 2023 జూన్‌లో ఇథియోపియాలో ఆహార సాయం పెద్ద ఎత్తున దారి మళ్లిందని తేలాక అమెరికా సహాయ సంస్థ యూఎస్ఎయిడ్, ప్రపంచ ఆహార కార్యక్రమం దేశమంతటా పంపిణీ ఆపేశాయి. నెలల తరబడి పస్తులున్నది గోధుమలు అమ్ముకున్నవాళ్లు కాదు. అందుకే ముప్పుల పట్టికలో "సాయం ఆగిపోవడం" కూడా ఒక వరుసగా ఉండాలి. ఒక వీధిలో తప్పు జరిగితే ఆ వీధిలో ఎలా సరిచేసి కొనసాగించాలో ముందే ఆలోచించండి.

కిట్టుకు బదులుగా లైంగికంగా వేధించడం ఇంకో స్థాయి నేరం. దీన్ని "లోపల సర్దుకుందాం" అనే పెద్దమనుషులు ప్రతి చోటా ఉంటారు, వాళ్ల మాట వినకండి. హైతీలో 2010 భూకంపం తర్వాత ఆక్స్‌ఫామ్ సిబ్బంది కొందరి దుష్ప్రవర్తనను సంస్థ 2011లోనే విచారించింది. పూర్తి సంగతి 2018లో పత్రికలకెక్కినప్పుడు, చేసిన తప్పుతో పాటు దాన్ని సంస్థ పూర్తిగా బయటపెట్టని తీరు కూడా ఆ సంస్థను కుదిపేసింది. పది మంది, అంతకు మించి పనిచేసే చోట, పనిచోట మహిళలపై లైంగిక వేధింపుల నిరోధానికి వచ్చిన 2013 చట్టం ప్రకారం అంతర్గత కమిటీ ఉండాలి. బాధితులు పిల్లలైతే పోక్సో చట్టం కింద పోలీసులకు చెప్పడం మీ బాధ్యత, మీ ఇష్టం కాదు. ఫిర్యాదు ఫోను నంబరు ప్రతి టోకెన్ వెనక అచ్చు వేయండి. ఆ ఫోను పంపిణీ నడిపే మనిషి దగ్గర ఉండకూడదు, వీలైతే ఒక మహిళ దగ్గర ఉండాలి.

ఆడిటరు వచ్చే ముందు

ఫైలును బిల్లుల వరుసలో కాక పంపిణీల వరుసలో కట్టండి. ఒక పంపిణీ, ఒక కవరు: తీర్మానం లేదా ఒప్పుదల, ధరల చీటీ, బిల్లు, చెల్లింపు రుజువు, గోడౌన్ రాక, పోక, పట్టీలు, రాత్రి కూడిక, ఇరవై ఇళ్ల తనిఖీ. ఇలా కట్టిన సంస్థ ఆడిట్ ఒక్క పూటలో ముగుస్తుంది.

తేదీల్లో గోడ మీద ఉండాల్సినవి కొన్నే. దాతల వివరాల పట్టిక పన్ను శాఖకు మే 31లోగా, ఆడిట్ నివేదిక సెప్టెంబరు 30లోగా, రిటర్ను అక్టోబరు 31లోగా, విదేశీ విరాళాల వార్షిక వివరం ఎఫ్‌సీ-4 డిసెంబరు 31లోగా. గడువు పొడిగిస్తారని ఎదురుచూడకండి. 2026 ఏప్రిల్ 1 నుంచి ఆదాయపు పన్ను కొత్త చట్టం కాబట్టి, నోటికి అలవాటైన పాత సెక్షన్లు, ఫారం నంబర్లు రాసేముందు మీ సీఏను ఒకసారి అడగండి.

ఆడిటరు రాసిచ్చిన లోపాల లేఖను బీరువాలో పెట్టేయకండి. ప్రతి లోపం పక్కన ఎవరు, ఎప్పటిలోగా సరిచేస్తారో రాసి తర్వాతి కార్యవర్గ సమావేశంలో చదవండి. రెండో ఏడాది అదే లోపం మళ్లీ కనిపిస్తే దాతలు దాన్ని పొరపాటుగా చూడరు.

పన్ను లెక్కల పుస్తకాలను పదేళ్లు దాచాలి. బీరువా కింది అరలో మాత్రం వద్దు. వరద సాయం చేసే ఆఫీసు కూడా వరద వచ్చే ఊళ్లోనే ఉంటుంది. కిందటిసారి మీ గోడ మీద నీటి గుర్తు ఎక్కడ ఉందో చూసి, దానికి రెండడుగుల పైన అర కొట్టించండి. పట్టీలను ఫోనుతో ఫొటో తీసి, అదే రాత్రి వేరే ఊళ్లో ఉన్న ఒక సభ్యుడికి పంపండి.